పై పెదవి మీద నలుపు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది ఒక మనిషి పై పెదవి. నవ్వకండి. పోర్ట్ బ్లెయిర్ బజారులో ఒక ప్రింటింగ్ షాపులో కంప్యూటరు ముందు కూర్చుని జుట్టు నెరిసేదాకా పనిచేశాను. పెళ్ళికార్డులు, చర్చి కన్వెన్షన్ పోస్టర్లు, ఎన్నికల బ్యానర్లు, పచ్చడి సీసాల లేబుళ్ళు అన్నీ చేశాను. వాటిలో తప్పులు దొర్లాయి, తిట్లు తిన్నాను, మరిచిపోయాను. ఆ పెదవిని మాత్రం మరిచిపోలేదు. దాని విషయంలో నేను చేసిన పనిని ఏమనాలో కూడా ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీరేమైనా తేలుస్తారేమోనని చెబుతున్నాను.

నేను కాకినాడ వైపు నుంచి పెళ్ళి చేసుకుని ద్వీపాలకు వచ్చినదాన్ని. తెలుగు టైపు వచ్చినవాళ్ళు ఆ బజారులో అరుదు కనుక తెలుగువాళ్ళ పని ఏదైనా నా బల్ల మీదికే వచ్చేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుమ్మం దాటితే హిందీ. కార్డు అచ్చువేసే ముందు ఒకసారి చదివి చూసుకోండి అంటే, "మీరే చదివెయ్యండి దీదీ, మేం చూస్తే గలతీలు దొరకవు" అనేవారు. వాళ్ళ తెలుగూ నా తెలుగూ ఒకటేనని నేను చాలాకాలం ధీమాగా ఉన్నాను. ఆ ధీమా ఎలా పోయిందో ముందు ముందు చెబుతాను.

ఇప్పుడు ఫోనులో ఏదో నొక్కితే ఫోటో బొమ్మ అయిపోతుందట. అప్పుడు అలా కాదు. ఫోటోని స్కాన్ చేసి, తెర మీద అడుగున పరిచి, దాని మీద పెన్ టూల్‌తో ఒక్కొక్క ఆకారం గీసుకుంటూ పోవాలి. చెంప ఒక ఆకారం. చెంప మీద పడ్డ వెలుగు ఒకటి. ముక్కు పక్క నీడ ఇంకొకటి. ఒక్కొక్కదానికి సరిపోయే రంగు నింపాలి. ఇలా కొన్ని వందలు పేర్చాక, దగ్గర నుంచి చూస్తే రంగు కాగితం ముక్కలు అతికించినట్టు ఉంటుంది, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే మనిషి మనవైపు చూస్తాడు. గోరంత ఫోటోని గోడంత చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది కానీ, ఈ ఆకారాలు ఎంత పెంచినా విడిపోవు. అందుకే ఊళ్ళో ఉన్న పాత చిన్న ఫోటోలన్నీ నా దగ్గరికి చేరేవి. మా యజమాని ప్రతి ఒక్కరికీ చెప్పే మాట ఒకటే: "రియలిస్టిక్‌గా ఉంటుంది. కార్టూన్‌లా ఉంటే తీసుకోకండి."

ఇందులో ఒక చిక్కు ఉంది, అది యజమానికి ఎప్పుడూ అర్థం కాలేదు. ఫోటోలో మసక మసకగానే ఉండిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆకారానికి మాత్రం అంచు కావాలి. ఈ నలుపు ఇక్కడ మొదలై ఇక్కడ ఆగుతుందని నేను తేల్చాలి. తేల్చాలంటే అది ఏమిటో తెలియాలి. కనురెప్పా, కాటుకా, పుట్టుమచ్చా, బూజా? ఈ ద్వీపాల తేమకి బూజు పట్టని పాత ఫోటో ఉండదు. అందుకని వచ్చినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, పోలీసుల్లా ప్రశ్నలు వేయడం నాకు అలవాటైంది.

ఆ రోజు బ్రూక్షాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. తల్లి, కొడుకు, కూతురు. తల్లి శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున పుట్టి, పెళ్ళైన కొత్తలో పెనిమిటితో ఓడెక్కి వచ్చిన మనిషి. కొడుకు ఓడల మరమ్మతు చేసే చోట మెకానిక్కు, దిట్టమైన మీసం. కూతురు స్కూలు టీచరు. కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. పాస్టరుగారు వచ్చి ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన చేసే రోజుకి ముందు గది గోడ మీద తండ్రి బొమ్మ నిండుగా ఉండాలని వాళ్ళ కోరిక. ఆ తండ్రి, కూతురు చంకలో పిల్లగా ఉండగానే, వండూర్ అవతల పడవ తిరగబడి పోయాడు. శరీరం దొరకలేదు, కనుక సమాధి కూడా లేదు. ఆయనదంటూ ఆ ఇంట్లో ఉన్నది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటో.

దాన్ని కూతురు చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. విప్పి నా చేతికి ఇచ్చేటప్పుడు ఆ పిల్ల వేళ్ళు వెంటనే వదల్లేదు.

"జాగ్రత్త దీదీ. నేను నాన్నని చూడలేదు కదా, నాకు నాన్న అంటే ఇదే. చిన్నప్పుడు దీనికి చెప్పకుండా స్కూలుకి వెళ్ళేదాన్ని కాదు" అంది.

బ్లాక్ అండ్ వైట్ ఫోటో. ముప్ఫై ఏళ్ళ లోపు మనిషి, పక్క పాపిడి, కాలరు బొత్తాం దాకా పెట్టుకున్న చొక్కా. ఒక మూల బూజు తినేసింది. మొహం మటుకు దక్కింది, ఒక్క చోట తప్ప. ముక్కు కింద, పై పెదవి మీద ఒక నలుపు పరుచుకుని ఉంది. స్టూడియో దీపం పైనుంచి పడితే ముక్కు నీడ అలాగే ఉంటుంది. సన్నగా కత్తిరించిన మీసం కూడా అలాగే ఉంటుంది. నేను భూతద్దం పెట్టి చూశాను, కంప్యూటరులో పెంచి చూశాను. పెంచితే నలుపు ఇంకొంచెం పెద్ద నలుపు అయింది, అంతే.

"ఇది మీసమా, నీడా?" అని అడిగాను.

"మూఛ్ దీదీ, పక్కా" అన్నాడు కొడుకు. "నాకు కొంచెం యాద్ ఉంది. ఎత్తుకుని ముద్దెడితే గుచ్చుకునీది."

"నీకేం యాద్ ఉంటాది భయ్యా, అప్పుడు నువ్వెంత?" అంది కూతురు. "ఫోటో నేను రోజూ చూస్తన్నాను కదా. మీసం లేదు. నాన్న సాఫ్‌గా ఉంటారు."

ఇద్దరూ తల్లివైపు చూశారు. నేనూ చూశాను. ఆవిడ ఫోటో వైపు చూడకుండా నా బల్ల మీద ఉన్న స్టాప్లర్ వైపు చూస్తూ కూర్చుంది.

"మీరు చెప్పండి పిన్నీ. ఇదేమిటి?"

"అది ఆయన సాయేనమ్మా" అంది.

ఇదిగో, ఇక్కడ మొదలయ్యాయి తిప్పలు. 'చెప్పడం' వాళ్ళ నోట 'సెప్పడం' అయినట్టే, 'ఛాయ' 'సాయ' అయిందని నాకు వెంటనే తెలిసింది. మా కాకినాడలో ఛాయ అంటే ఒంటి రంగు. పెళ్ళిచూపుల్లో మొదట అడిగేది అదే కదా, అమ్మాయి ఛాయ ఎలాంటిది అని. అంటే ఆ నలుపు మీసమూ కాదు, నీడా కాదు, ఆయన పెదవి చుట్టూ చర్మమే కాస్త నలుపన్నమాట అనుకున్నాను. అలాంటివాళ్ళు ఉంటారు కూడా. నేను అలా రాసుకుంటుండగా కొడుకు నిరుత్సాహంగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"సాయా అంటంది కదా, ఠీక్ హై. మూఛ్ కాదంట. వదిలెయ్యండి దీదీ" అన్నాడు.

అతను ఏమనుకున్నాడో నేను అడగలేదు. ఒప్పుకున్నాడు కదా అని సంతోషించాను. కూతురు గెలిచినదానిలా నవ్వింది.

నేను మొహం గీయడం మొదలుపెట్టాను. నుదురు, దవడ, మెడ, వాటి మీద నడి రంగు, దాని మీద ముదురు, ఆఖరున వెలుగులు. పెదవి పైన చామనఛాయ కంటే రెండు పాళ్ళు ముదురు రంగుతో ఒక ఆకారం వేశాను. నమూనా కాగితం మీద తీసి, వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు చూపించాను. కొడుకు చూసి, "ఇదేంటి దీదీ, మొహం కడుక్కోనట్టు ఉన్నాడు" అన్నాడు. నిజంగానే అలాగే ఉన్నాడు.

"మీ అమ్మగారే చెప్పారు కదయ్యా, ఆయన ఛాయ అని."

"సాయా మతలబ్ నీడ కదా దీదీ, హిందీలో. నీడలాగ వెయ్యాలి. మీరు చమ్డీ నల్లగా చేసేశారు."

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఒకే మాటని నేను ఒకలా, అతను ఒకలా విన్నామని. తల్లివైపు తిరిగాను. "పిన్నీ, మీరు సాయ అన్నది రంగు అనా, నీడ అనా?"

ఆవిడ మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "రంగు గాదు, నీడా గాదు. సాయ అనే సెప్పినాను" అంది.

మా యజమాని క్యాబిన్ నుంచి ఇదంతా విని, వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచాడు. ఆయన తమిళుడు. రంగు కానిది, నీడ కానిది, మీసం కానిది మనిషి పెదవి మీద ఏముంటుందని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. మీ భాషే కదా అన్నాడు. నా భాషేనన్నాను. ఆయన తల పట్టుకున్నాడు, నేను నా బల్ల దగ్గరికి వచ్చి నా తల పట్టుకున్నాను. ప్రింటింగ్ మెషీన్ దగ్గర పనిచేసే భయ్యా మాత్రం, ఆ చోట మొత్తం చెరిపేసి గడ్డం పెట్టెయ్యండి దీదీ, గొడవ వదిలిపోతుందని సలహా ఇచ్చాడు. రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం అతనిది. ఏ సమస్యకైనా అతని దగ్గర ఇలాంటి మందు ఒకటి ఉండేది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఆ తల్లి ఒక్కతే వచ్చింది. పిల్లలకి చెప్పకుండా వచ్చానంది. నా పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాను. తెర మీద ఆ మొహం వెలుగుతోంది. ఆవిడ దాన్ని చూసి పక్కకు తిరిగింది.

"ఎంతుంటాదమ్మా గోడ మీద?" అని అడిగింది.

చేతులు చాపి చూపించాను.

"అంతుంటే నేనుండనేను" అంది. "సిన్న ఫోటో గాబట్టి ఇన్నాళ్ళు ఓర్సుకున్నాను. గోడంత ఎవుడో మగోడ్ని ఇంట్లో ఎట్టుకుని, ఆడి కింద కూకుని నేను కూడు తినాల?"

నాకు అర్థం కాలేదు. ఎవడో మగాడేమిటి, మీ ఆయన కదా అన్నాను. అప్పుడు చెప్పింది. ఆయనకి ఫోటో లేదు. పెళ్ళినాడు తీయించుకునే స్తోమత లేదు, వచ్చాక ఒకే ఒకటి, పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళకిచ్చే పాసు కోసం తీయించుకున్నాడు. ఆ పాసు చొక్కా జేబులో పెట్టుకునే పడవెక్కాడు. ఆయనతోపాటే అదీ పోయింది. తరువాత ఆవిడ పిల్లల్ని పెంచడానికి కొన్నాళ్ళు సిప్పీఘాట్ తోటలో కూలికి, కొన్నాళ్ళు బజారులో ఒక ఫోటో స్టూడియోలో తుడుపు పనికి వెళ్ళింది. కూతురు స్కూల్లో చేరాక, అందరి నాన్నలూ వస్తారు, నా నాన్న ఎలా ఉంటాడని రోజూ ఏడ్చేదట. స్టూడియోలో జనం తీయించుకుని తీసుకెళ్ళని ఫోటోలు ఒక డబ్బాలో పడి ఉండేవి. ఊడుస్తూ ఊడుస్తూ ఒకరోజు ఆ డబ్బాలో ఈ మొహం చూసింది.

"ఆయన సాయ కనపడ్డాదమ్మా. కళ్ళకాడ, ఈ నవ్వుకాడ. సాయే, ఆయన గాదు. అడిగితే ఆ బాబు తీస్కో అన్నాడు. తీస్కెళ్ళి, ఇదిగో మీ నాన్న అని దాని సేతిలో ఎట్టేసినాను. ఆ తరవాత మరి ఏడవలేదు."

అప్పుడు తగిలింది నాకు. తండ్రి ఛాయలు కొడుకులో ఉన్నాయంటామే, ఆ ఛాయ. పోలిక. అది ఆయన సాయేనమ్మా అని ఆవిడ మొదటి రోజే, పిల్లల ఎదుటే నాకు నిజం చెప్పేసింది. నేను ఒంటి రంగు అనుకున్నాను. కొడుకు హిందీ నీడ అనుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ మాట మీద నుంచి నడిచి వెళ్ళిపోయాం. తెలుగు వచ్చినదాన్నని అంత ధీమాగా ఉన్న నాకు సిగ్గేసింది.

సిగ్గు సంగతి సరే, ఇప్పుడేం చెయ్యాలి? ఆవిడకి కావలసింది చాలా సూటిగా ఉంది. "నువ్వు బొమ్మ ముక్కలు ముక్కలుగా సేత్తావంట గదా, మా వోడు సెప్పినాడు. ముక్కలు జరిపి ఆయన్ని సెయ్యి. దానికి మాత్రం తెలీకూడదు" అంది. ఆయన్ని చెయ్యాలి, అయినా కూతురికి తేడా తెలియకూడదు. మొహం మారాలి, మారకూడదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ పిల్ల చేతిరుమాలు విప్పిన తీరు నా కళ్ళముందు ఉంది. దానికి నాన్నంటే ఈ మొహం. ఇందులో నేను ముక్కు కదిపితే దాని నాన్న ముక్కు కదిపినట్టే. కదపకపోతే, ఈవిడ తన కొత్త ఇంట్లో బతికినంతకాలం పరాయి మగాడి ఎదుట తిరగాలి. నా కస్టమర్ ఎవరో నాకు అర్థం కాలేదు. అయినా, ఆవిడ అలా కూర్చుని ఉంటే వీలుకాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పని మొదలుపెట్టాం. ఆకారాలతో ఉన్న సుఖం అదే, ఏ ముక్కనైనా పట్టుకుని జరపొచ్చు. ముక్కు ఇంత కోటేరు కాదంటే వెడల్పు చేశాను. కళ్ళు ఇంకొంచెం లోపలికంటే లోపలికి నెట్టాను. దవడ పెంచాను. ఆవిడ కాసేపు తల ఊపింది. తరువాత, "ముక్కు ముందుదే బాగుందేమో" అంది. ముందుది పెట్టాను. "కళ్ళు ఇలగ కాదమ్మా, అలగే ఉండీవి." అవీ వెనక్కి తెచ్చాను. దవడ దగ్గర చాలాసేపు ఆలోచించింది. ఏదీ తేలలేదు. ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంటూ, తెచ్చుకుంటూ, చివరికి తెర మీద ఎవరున్నారో చూస్తే, ఆ స్టూడియో డబ్బాలోని మనిషే మళ్ళీ ఉన్నాడు.

ఆవిడ కూడా చూసింది. స్టూలు మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఆయన మొగం నాకు రావట్లేదమ్మా" అంది. "కళ్ళు మూసుకుంటే ఈడే వొత్తన్నాడు."

ఇన్నేళ్ళూ రోజూ ఇంట్లో ఆ ఫోటో చూసి చూసి, అసలు మొహం మీద అది పడిపోయింది. కూతురి కోసం తెచ్చిన అబద్ధం ఆవిడ మొగుణ్ణి రెండోసారి తీసుకుపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే నేను మౌసు పట్టుకుని దిక్కులు చూస్తూ కూర్చున్నాను. నాకూ ఏడుపు వచ్చింది. మెషీన్ భయ్యా అటు వచ్చి, మా ఇద్దర్నీ చూసి, ఏమీ అడగకుండా మూడు టీలు చెప్పి వచ్చాడు. అతని సలహాలన్నిటిలోకీ అదొక్కటే పనికొచ్చింది.

టీ తాగుతూ ఆవిడ చేతిసంచిలోంచి మొహం తుడుచుకోవడానికి గుడ్డ తీసింది. గుడ్డతోపాటు రెండు చిన్న ఫోటోలు బల్ల మీద పడ్డాయి. ఒకటి కొడుకుది, ఒకటి కూతురిది. మొగుడి ఫోటో లేక పడిన బాధ తెలిసిన మనిషి, పిల్లలవి ఎప్పుడూ దగ్గరే ఉంచుకునేదట. వాటిని తీసి ఇవ్వబోతూ ఆగాను. ఇది తెలివైన ఆలోచనో, పిచ్చి ఆలోచనో నాకు అప్పుడూ తెలియదు.

"పిన్నీ, ఆయన్ని గుర్తు చేసుకోవద్దు. వీళ్ళిద్దరి మొహాల్లో ఆయనది ఏది ఉందో చెప్పండి" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆగలేదు ఆవిడ. దవడ, మీసం కొడుకువి. "ఈ మీసం ఆడిదేటి, తండ్రిదే" అంది. నుదురు కూతురిది. చెవులు కూతురివి, పైన కొంచెం మొన తేలినట్టు ఉంటాయే, అవి. ముక్కు ఇద్దరిదీ తనదేనట, ఆయనది రాలేదట, కనుక దాన్ని ముట్టుకోవద్దంది. కళ్ళూ, నవ్వూ ఆ స్టూడియో మనిషివే ఉండనీ, వాటిని చూసే కదా తెచ్చుకున్నాను అంది. ఇందాకటిదాకా ముక్కు దగ్గర తడబడిన మనిషి, ఇప్పుడు బజారులో చేపలు ఏరినట్టు ఏరి ఏరి పెట్టింది. మొగుడి మొహం మరిచిపోయింది గాని, పిల్లల మొహాల్లో ఆయన వంతు ఎంతో ఆవిడకి తెలుసు.

రెండు ఫోటోలూ స్కాన్ చేసి పక్కన పెట్టుకున్నాను. కూతురి నుదురు తెచ్చి మగవాడి నుదురు చేయడం అనుకున్నంత సులువు కాదు, వెంట్రుకల అంచు మార్చాలి, వెలుగు ఒకే వైపు నుంచి పడాలి. పాపిడి, చొక్కా, తల నిలిపిన తీరు పాత ఫోటోవే ఉంచాను, కూతురికి తెలిసిన మనిషి పూర్తిగా మాయమైపోకుండా. ఆవిడ వేరే పనుల మీద బజారుకు వచ్చినప్పుడల్లా వచ్చి చూసి వెళ్ళేది. ఆఖరున మిగిలింది పెదవి. ఆ నలుపు నీడో మీసమో నాకు చివరిదాకా తెలియలేదు, ఆ స్టూడియో మనిషిని అడగడానికి లేదు. దాన్ని తీసేసి, అక్కడ కొడుకు మీసం చూసి గీశాను, వెంట్రుక వెంట్రుకగా కాకుండా ఒక ముదురు ఆకారం, దాని అంచున కొన్ని సన్నటి పాయలు, పైన ఒక చిన్న మెరుపు. ఆకారం మూసి, రంగు నింపి, వెనక్కి జరిగాను.

పక్కన స్టూలు మీద ఆవిడ కదలకుండా కూర్చుంది. ఆయనేనా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

"సాలు. ఆపీమ్మా" అంది కాసేపటికి. తెర ఆపేశాను. నల్లటి తెర వైపు ఇంకా చూస్తూనే ఉంది.

అచ్చు వేసే రోజు మెషీన్ భయ్యా కాగితం దిగుతుంటే వంగి చూసి, "దీదీ, యే తో దూస్రా ఆద్మీ హై" అన్నాడు. వేరే మనిషి కదా అని. అతనే, అచ్చెయ్యి అని "వహీ హై, ఛాపో" అన్నాను. నా గొంతు విని మళ్ళీ మెషీన్ వైపు తిరిగాడు. యజమాని వచ్చి నిలబడి, పాత ఫోటోతో పోల్చి చూడకుండా, మొదటిసారి రియలిస్టిక్‌గా వచ్చిందని మెచ్చుకున్నాడు. ఎవరికి రియలిస్టిక్ అని ఆయన్ని అడుగుదామనుకున్నాను. ఉన్న మనిషి కాడు, పోయిన మనిషో కాదో తెలియదు. అందులో ఒక ఊరూ పేరూ తెలియని వాడి కళ్ళున్నాయి. అతను ఎందుకు ఆ ఫోటో తీసుకెళ్ళలేదో, అతని కోసం ఏ ఇంట్లో ఎవరు ఎదురు చూశారో, ఇవన్నీ నన్ను అప్పుడు చుట్టుముట్టాయి. పనిలో ఉన్నవాళ్ళు ఇలాంటివి ఆలోచించకూడదు. నేను ఆలోచించాను, అందుకే గదిలో తిరుగుతూ ఆరబెట్టిన రెండు ప్రింట్లు కాలితో తొక్కి పాడుచేశాను.

తీసుకెళ్ళడానికి కొడుకు వచ్చాడు. బల్ల మీద పరిచాను. అతను చూశాడు. తన మీసం మీద వేలు రాసుకుంటూ చాలాసేపు చూశాడు. నేను ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను.

"మూఛ్ పెట్టారు" అన్నాడు.

"మీ అమ్మగారు చెప్పారు."

తల ఊపాడు. చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను డ్రాయరులోంచి పాత ఫోటో తీసి ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"అది మీ దగ్గరే ఉంచెయ్యండి దీదీ. ఇంట్లో ఇది ఉంది కదా" అన్నాడు.

అతనికి ముందునుంచీ తెలుసా? గుచ్చుకున్న మీసం యాదున్నవాడికి, మీసం లేని ఫోటో ఇంట్లో చూసినప్పుడు ఏమనిపించి ఉంటుంది? చెల్లి కోసం నోరు మూసుకున్నాడా, లేక నేనే లేనిపోనివి అల్లుకుంటున్నానా? అడిగే వీలు మళ్ళీ దొరకలేదు.

ఇంటి ప్రతిష్ఠకి నన్ను పిలిచారు. వెళ్ళాలా వద్దా అని రోజంతా ఊగిసలాడి, చివరికి వెళ్ళాను. బొమ్మ అప్పటికే ఫ్రేము కట్టించి ముందు గది గోడకి పెట్టి ఉంది, పైన తెల్లటి దుప్పటి కప్పారు. చర్చివాళ్ళు ఇంకా రాలేదు. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడింది. స్కూలు నుంచి నేరుగా వచ్చిన కూతురు, ప్రార్థన దాకా ఆగలేను, నాకు ఇప్పుడే చూపించమని అన్నని సతాయిస్తోంది. అతను నా వైపు చూసి, దుప్పటి లాగేశాడు.

ఆ పిల్ల నవ్వుతున్న మొహంతో ముందుకు వెళ్ళి ఆగిపోయింది. పారిపోదామా అనిపించింది, చెప్పులు ఎక్కడ విడిచానో కూడా చూసుకున్నాను.

"నాన్నకి మీసం ఎవరు పెట్టారు?" అంది.

"ఉండీది" అన్నాడు అన్న. "నేను మొదట్నుంచీ చెప్పలేదా?"

దగ్గరగా వెళ్ళింది. దగ్గరగా చూస్తే అన్నీ ముక్కలే కదా, ఏమీ దొరకదు. మళ్ళీ వెనక్కి వచ్చింది. అన్న మొహం చూసింది, బొమ్మ చూసింది.

"నీలా ఉన్నారు" అంది. తరువాత తనలో తనే అనుకుంటున్నట్టు అంది, "ఫోటోలో ఎప్పుడూ ఎవరిలాగా ఉండేవారు కాదు. చిన్నప్పుడు అద్దం దగ్గర ఫోటో పెట్టుకుని ఎంత వెతికీదాన్నో. నాలాగ ఒక్కటీ దొరికీది కాదు. నేను నాన్న కూతుర్నేనా అని డౌట్ వచ్చీది. అమ్మనడిగితే బాధపడతాదని అడగలేదు."

వంటింటి గుమ్మంలో ఆవిడ చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. ఆ పిల్ల అటు తిరిగింది.

"అమ్మా, నేను నాన్నలా ఉన్నానా?"

ఆవిడ వచ్చి కూతురి పక్కన నిలబడి, బొమ్మకేసి తలెత్తి చూసింది.

"నుదురు సూస్కో. సెవులు సూస్కో" అంది. "అయి ఆయనవేనే."

ఇన్నేళ్ళలో తండ్రి మొహం గురించి ఆవిడ కూతురికి చెప్పిన మాటల్లో అబద్ధం లేనిది అదొక్కటేనని నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఆ పిల్ల చెయ్యి మెల్లగా తన నుదుటి మీదికి వెళ్ళింది.